హుక్కు లేని గొలుసు

మన్సూరాబాద్‌లో ఉండే మా పెద్దమ్మ మొన్న నిద్రలోనే కన్నుమూసింది. ఫోన్ చేసింది పెదనాయన. "పొద్దున చాయ్ పెట్టలే. ఏందని లేపితే లేస్తలేదు" అన్నాడు. ఆయనకు ముందు గుర్తొచ్చింది చాయే.

ఆమె గురించి మీకు చెప్పాలి. నేను ఇంటర్ చదివేటప్పుడు నన్ను తన ఇంట్లో పెట్టుకుని సాకింది. కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది, నాకూ కుట్టు నేర్పింది. "కత్తెర పెట్టే ముందు మల్లొకపారి కొలువు బిడ్డా. తెగినంక గుడ్డ మన మాటినదు" అనేది.

ఆమె ఒంటి మీద నగ మాత్రం నిలిచేది కాదు. ఆడబిడ్డ ఇంట్లో ఫంక్షన్ అనగానే పెదనాయన వచ్చి ఎదురుగా నిలబడేవాడు. "తియ్యి. మల్ల ఇస్తది." కమ్మలు అట్లాగే పోయాయి, ఉంగరమూ అట్లాగే పోయింది. తిరిగి అడిగితే, "ఇంట్ల కూసునేదానివి, నీకెందుకొదినె నగలు?" అని ఆడబిడ్డ అందరి ముందూ నవ్వేది. పెద్దమ్మ కూడా నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఒకసారి నా ఫోన్‌లో వీడియో చూసింది. చేతికి సన్నటి బంగారు గొలుసు చుట్టి, హుక్కు లేకుండా అక్కడికక్కడే అతికేస్తున్నారు. "అంటే తియ్యరాదా?" అంది. రాదన్నాను. "పోదాం పా" అంది.

దిల్‌సుఖ్‌నగర్ షాపులో అమ్మాయి చర్మానికి వేడి తగలకుండా గొలుసు కింద తోలుముక్క పెట్టింది. "కండ్లు మూసుకోండి ఆంటీ." చిటుక్కుమని ఒక్క మెరుపు, అంతే. "దవాఖానల తియ్యాల్సొస్తే కొసలు కలిపిన ఈ చిన్న రింగు దగ్గర కట్ చెయ్యాలె. గొలుసు ఖరాబ్ కాదు, మల్ల అతుకుతం" అంది. ఎల్బీనగర్ దాకా మెట్రోలో పెద్దమ్మ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకునే కూర్చుంది.

"కుక్కకు గొలుసేసినట్టున్నది" అన్నాడు పెదనాయన.

"కుక్కకైతే వేరేటోళ్లేస్తరు. గిది నేనేస్కున్న."

ఆయనకు ఆమె ఎదురు చెప్పగా నేను విన్నది అదే మొదలు.

స్నానమయ్యాక మెత్తటి బ్రష్‌తో, సబ్బు నురగతో లింకుల మధ్య రుద్ది, పాత నూలు పేలికతో తడి అద్దుకునేది. బాత్రూమ్ కడిగేటప్పుడు యాసిడ్ తగలకుండా చేతికి కవరు కట్టుకునేది. మళ్లీ ఆడబిడ్డ ఇంట్లో ఫంక్షన్ వచ్చింది, పెదనాయన వచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మ చెయ్యి చాపి, "రాదు" అంది. కడుపు నిండా అన్నం తిన్న మనిషిలా అంది.

మొన్న నేను వెళ్లేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టారు. ఆడబిడ్డ ఆ గొలుసును పట్టి లాగుతోంది. రాకపోతే సబ్బు రాసింది. అయినా రాలేదు.

"పెద్దమ్మతోనే పోనియ్యుండ్రి" అన్నాను.

"బంగారం ఎవరన్న కాలవెడ్తరా?" అంటూ పెదనాయన పక్కింటి నుంచి కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. రింగు దగ్గర కత్తిరించమని చూపించాను. వినలేదు. చేతికొచ్చిన చోట చర్మంతో సహా పట్టి నొక్కాడు. మణికట్టు మీద తోలు లేచింది. నేను అరిచాను.

"ఆమెకిప్పుడు ఏం తెలుస్తది?" అంది ఆడబిడ్డ.

గొలుసు తెగింది. వాకిట్లో పెద్దమ్మకు ఆఖరి స్నానం చేయిస్తున్నారు. ఆ పక్కనే ఆడబిడ్డ గొలుసు కడిగి తన చేతికి చుట్టుకుంది. చాల్లేదు. పళ్లు బిగబట్టి, చెయ్యి ముడిచి, ఆ రెండు కొసలూ కలిసేలా లాగుతూనే ఉంది.