నా కన్ను పడ్డ కోడెలు

నరుడి కంటికి నల్లరాళ్ళు కూడా పగులుతాయని మా వైపు అంటారు. నా కంటికి సౌదీలో ఒక కోడెల దొడ్డి మొత్తం దగ్గింది. కనీసం ఆ దొడ్డి యజమాని అలాగే నమ్మాడు. నా ఉద్యోగం ఊడే దాకా వచ్చిందీ ఆ నమ్మకం వల్లే.

నేను పశువుల డాక్టర్ని. పుట్టింది ఒంగోలు దగ్గర. పెళ్ళయి ధహ్రాన్ వచ్చాక నా పట్టా బీరువాలో చీరల కిందకు చేరింది. మా ఆయన ఆయిల్ కంపెనీలో ఇంజినీరు. కాంపౌండులో ఇళ్ళున్నాయి, ఈతకొలను ఉంది, పిల్లులున్నాయి, ఒక్క గేదె లేదు. ఏళ్ళ తరబడి పులిహోరలు కలిపీ, ఎవరి పిల్లికో గోళ్ళు కత్తిరించీ నా చదువుకు చెద పట్టిందనుకున్నాను. అలాంటి రోజుల్లో దమ్మామ్ అవతల ఎడారిలో కోడెలను మేపే ఒక పెద్దమనిషి దగ్గర ఉన్న డాక్టరు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని సొంత దేశానికి వెళ్ళిపోయాడని తెలిసింది. ఇప్పుడు కాగితాలు సరిగ్గా ఉంటే భర్త ఇఖామా మీద, అంటే ఆయన నివాస అనుమతి మీద, ఉన్న భార్యలూ పనిచేయొచ్చు. నేనే కారు తోలుకుంటూ వెళ్ళి అడిగాను.

ఆ దొడ్డి సేటు నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన భాష సగం అరబ్బీ, సగం హిందీ. "బక్రీదు దాకా చూస్తాను దక్తూరా. లెక్క కుదిరితే ఉండు. కుదరకపోతే ఖలాస్, మీ ఇల్లు నీకుంది" అన్నాడు. మా ఇల్లు నాకుండటమే నా బాధ అని ఆయనకెలా చెప్పను? ఎగిరి గంతేసినంత పనిచేసి ఒప్పుకున్నాను.

మా అమ్మకు ఫోనులో చెబితే, "మనం దండం పెట్టేవాటిని తినేవాళ్ళ కోసం మేపుతావుటే?" అంది. "బతికినన్నాళ్ళూ దగ్గూ రొంపా లేకుండా బతకాలి కదమ్మా, ఆ పని నాది" అన్నాను.  అమ్మ ఎండలో టోపీ పెట్టుకోమంది.

ఆ వ్యాపారం చెప్పుకోవడానికి చాలా తేలిక. ఓడలో వచ్చిన బక్క కోడెలను కొనాలి, కొన్ని నెలలు మేపాలి, కండ పట్టాక మాంసానికి అమ్మాలి. గడ్డి దగ్గర్నుంచి మొక్కజొన్న దాకా మేతా ఓడ మీదే రావాలి. కాబట్టి కోడె తిన్న ప్రతి పిడికెడూ కండ కావాలి. తిని కండ పట్టకపోతే సేటు డబ్బు పేడలోకి పోయినట్టే. అందుకే తూకం రోజంటే అక్కడ పెళ్ళిచూపులంత హడావుడి.

నా మొదటి తూకం రోజున కోడెలు ఒక్కొక్కటే కాటా మీదకు ఎక్కుతున్నాయి, అంకె పెరుగుతోంది, నాకు ఒళ్ళు తెలియడం లేదు. అన్నేళ్ళ తర్వాత పేడ వాసన, కోడెల రంకెలు, చేతికి అంటిన చొంగ! సంతోషం పట్టలేక, "అబ్బబ్బ, ఎంత బలిసిపోయాయండీ! ఈ నల్లదాని మూపురం చూడండి, ఆ ఎర్రదాని తొడలు చూడండి!" అని హిందీలో, తెలుగులో, చేతులతో, కళ్ళతో పొగిడేశాను. పక్కనే ఉన్న మేత మేస్త్రీ, కడప మనిషి, రెండుసార్లు దగ్గి నా వైపు చూశాడు. గొంతులో దుమ్ము పడిందేమో అనుకున్నాను. సేటు ముఖం మాడిపోయింది. అది ఎండనుకున్నాను.

అక్కడ మనిషినైనా పశువునైనా మెచ్చుకునే ముందు మాషా అల్లా అనాలి. అనకపోతే దిష్టి తగులుతుంది. ఇది నాకు తెలియనిది కాదు. మా నాయనమ్మయితే ఎవరైనా ఆవును బాగుందంటే వాళ్ళు గడప దాటక ముందే ఉప్పు దిగదుడిచేది. ఆ ఇంట్లో పెరిగిన నేను ఆనందంలో అన్నీ మరిచిపోయాను.

మొదటికే మోసం వచ్చింది. ఆ వారంలోనే నేను పొగిడిన దొడ్డి దగ్గడం మొదలుపెట్టింది. ముక్కుల వెంట చీమిడి, వాలిపోయిన చెవులు, ముట్టని మేత. కారణం నాకు స్పష్టంగా తెలుసు. అంతకు ముందే ఓడ దిగిన కొత్త కోడెలను పాతవాటి పక్కనే కట్టారు, రెండు గుంపులకూ నీళ్ళతొట్టి ఒకటే. ప్రయాణంలో నలిగిన కోడె ఊపిరితిత్తుల్లో జబ్బు మోసుకొస్తుంది, పక్కవాటికి పంచుతుంది.

"మొత్తం దొడ్డికి ఈరోజే ఇంజెక్షన్ వేద్దాం. దగ్గేవాటికే వేస్తే రేపు మిగతావి దగ్గుతాయి" అన్నాను.

"వేస్తే బక్రీదుకు అమ్మగలనా?" అన్నాడు సేటు.

అమ్మలేడు. మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆ మాంసం అమ్మకూడదు. వేస్తే పండగ బేరం పోతుంది, వేయకపోతే పశువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఇంజెక్షన్ కోసం ఒక్కొక్క కోడెనూ ఇనుప గొట్టాల సందులోకి తోలి, కదలకుండా పట్టే చట్రమైన ట్రెవిస్‌లో బిగించాలి. ఆ బెదురుకు బరువు తగ్గుతాయని సేటు భయం.

"జబ్బు కాదు దక్తూరా, ఐన్" అన్నాడాయన. ఐన్ అంటే కన్ను, అంటే దిష్టి. ఎవరి కన్నో అనలేదు, మర్యాదస్థుడు. ఆ రోజు నుంచి నేను దొడ్డి దగ్గరకు వెళితే మాత్రం, అటు వెళ్ళకు, ఆఫీసులో కూర్చో, ఏసీ ఉంది కదా అనేవాడు. పశువుల డాక్టరు పశువులను చూడకుండా వైద్యం చేయాలట. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది.

అదే సమయంలో నా టీ కప్పులు మాయమవసాగాయి. సగం తాగి పక్కన పెట్టి ఫోను ఎత్తేలోపు కప్పు ఉండేది కాదు. ఇంత శుభ్రత ఎక్కడిదబ్బా అని ముచ్చటపడ్డాను. చివరికి మేత మేస్త్రీని పట్టుకుని నిలదీశాను.

"చెప్తే మీరు కోప్పడగూడదు మేడమ్" అన్నాడు. "మీ ఎంగిలి టీ సేటు ఎత్తుకోని పోయి తొట్లల్లో పోస్తా ఉండాడు. ఎవురి కన్ను తగిలింటే వాళ్ళు తాగింది గానీ, కడుక్కున్న నీళ్ళు గానీ పోస్తే దిగిపోతాదంట. ఈడ అందురూ చేసేదే. అడిగితే బాగుండదని అట్ల దొంగతనంగా చేస్తా ఉండాడు."

కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. గోడ పట్టుకుని నవ్వాను. అల్లం టీ! అందులోనూ నేను చక్కెర దండిగా వేసుకుంటాను. ఆ కోడెలు బహుశా నా కప్పు కోసం ఎదురుచూస్తున్నాయేమో! ఇంటికి ఫోను చేసి చెబితే మా ఆయన, "నువ్వలా నవ్వుతూ కూర్చో, వాళ్ళు నిన్ను ఇంటికి పంపించేస్తారు" అన్నారు. ఆ మాటతో నవ్వు ఆగిపోయింది, కోపం వచ్చింది. నాకు దిష్టి కన్ను అంటగట్టినందుకు కాదు. అరకప్పు టీ మీద ఉన్న నమ్మకం నా ఇంజెక్షన్ మీద లేనందుకు. తిరిగి ఆ పిల్లుల గోళ్ళ దగ్గరకు వెళ్ళడం నావల్ల కాదు.

విసవిసా నడిచి సేటు గదిలోకి వెళ్ళాను.

"ఏం సేటూ, ఇన్ని కోడెలకు అరకప్పా?" అన్నాను. "మోతాదు తక్కువైతే ఏ మందూ పనిచేయదు, పైగా జబ్బు మొండికేస్తుంది. చేస్తే సరిగ్గా చేయండి!"

సేటు సిగ్గుతో ఎర్రబడ్డాడు.  నేను ఆ అదను వదల్లేదు. మొహం, చేతులు, కాళ్ళు కడిగి బకెట్లకు బకెట్లు నీళ్ళిస్తానన్నాను. కానీ తొట్టిలో పోస్తే ఏ కోడె ఎంత తాగుతుందో ఎవరికి తెలుసు? ఒక్కొక్క కోడెనూ ట్రెవిస్‌లోకి తోలాలి, నా నీళ్ళు దాని వీపున పోయాలి. ఎలాగూ ట్రెవిస్‌లో ఉంటుంది కాబట్టి నేను జ్వరం చూసి సూది వేస్తాను. జబ్బు లేని మిగతా దొడ్లను పండగకు అమ్ముకోండి. ఈ దొడ్డి పండగయ్యాక వెళుతుంది. అప్పటికీ ఇవి కోలుకోకపోతే నేనే వెళ్ళిపోతానన్నాను.

 సూది కోసమైతే సేటు ఒప్పుకునేవాడు కాదు. నీళ్ళ కోసం ఒప్పుకున్నాడు.

ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. నేను కుర్చీ వేసుకుని టబ్బులో కాళ్ళు పెట్టుకుని మహారాణిలా కూర్చున్నాను. మేస్త్రీ ఆ నీళ్ళు బకెట్లలోకి తోడుకున్నాడు. తర్వాత కోడెలు ఒక్కొక్కటీ ఇనుప సందులోకి వచ్చాయి. సేటు తన చేత్తోనే చెంబుతో వీపున పోసి బిస్మిల్లా అన్నాడు, నేను మెడ దగ్గర సూది పొడిచాను, కోడె ఒక్క రంకె వేసి బయటపడింది. నీళ్ళు, సూది, రంకె. నీళ్ళు, సూది, రంకె. మధ్యాహ్నానికి ముగ్గురం నిలువెల్లా తడిసి, పేడ పూసుకుని, ఎవరి ముఖం చూసినా నవ్వొచ్చేలా తయారయ్యాం. సేటు కూడా నవ్వాడు. ఆయన నవ్వితే పై వరసలో బంగారు పన్ను ఉందని అప్పుడే తెలిసింది.

దొడ్డి కోలుకుంది. చెవులు లేచాయి, తొట్లు ఖాళీ అవడం మొదలైంది. ఒక్క చిన్న తెల్లది మాత్రం నిలవలేదు. దాని పక్కన కూర్చుని ఏడ్చాను. ఇంకాస్త ముందు సూది పడి ఉంటే బతికేదని సేటుతో గట్టిగానే అన్నాను.  పండగయ్యాక చుట్టుపక్కల దొడ్లన్నీ ఖాళీ అయ్యాయి, పెళ్ళిళ్ళ వాళ్ళకు మాంసం కావాల్సి వచ్చింది, మా కోడెలు మంచి ధరకే వెళ్ళాయి. నయం చేసింది నీళ్ళేనని సేటు, సూదేనని నేను రోజూ వాదించుకున్నాం. ఉద్యోగం సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. పెట్టిన గడువు దాటిపోయింది. దొడ్డి ఖాళీ అయింది, ఇక పిలవడనుకుని నా స్టెతస్కోపు సంచిలో సర్దుకుని ఇంట్లో కూర్చున్నాను. పులిహోరకు చింతపండు నానబెట్టాను కూడా.

ఆ పొద్దున సేటు ఫోను చేశాడు. దమ్మామ్ రేవు దగ్గర పశువుల యార్డుకు రమ్మన్నాడు. కోడెలను కొనడమంటే అప్పటిదాకా ఆయన ఒక్కడి వ్యవహారం, నీడను కూడా వెంట రానిచ్చేవాడు కాదు. వెళ్ళేసరికి కంచె అవతల కొత్తగా ఓడ దిగిన కోడెలు గుంపుగా నిలబడి ఉన్నాయి. అమ్మేవాడు నవ్వుతూ చేతులు నలుపుకుంటున్నాడు.

సేటు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "లోపలికి వెళ్ళు దక్తూరా. ఒక్కొక్కదాన్నీ బాగా చూడు. నోరారా పొగుడు. మాషా అల్లా అనకు."

"అదేంటి?"

"నీ కంటికి పడిపోయేవేవో ఇక్కడే పడిపోవాలి, వాడి డబ్బుతో పడిపోవాలి. నిలబడ్డవి నేను కొంటాను."

నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళాను. ముక్కులు చూశాను, డొక్కలు చూశాను, స్టెతస్కోపు పెట్టి ఊపిరి విన్నాను. "ఆహా, ఎంత అందంగా ఉన్నావురా! ఏం ఒళ్ళు, ఏం ఒళ్ళు!" అని తెలుగులోనూ హిందీలోనూ గొంతెత్తి పొగిడాను. అమ్మేవాడి నవ్వు ఎగిరిపోయింది. పరుగెత్తుకొచ్చి, ఈ ఆడమనిషెవరు, ముందు బయటికి పంపించు అని సేటు మీద అరిచాడు.

సేటు కంచె మీద చేయి ఆనించి తీరిగ్గా చెప్పాడు. "ఆమె మా డాక్టరు. ఆమె చూడకుండా నేను ఒక్క తోక కూడా కొనను."

మా డాక్టరు! కళ్ళు చెమ్మగిల్లాయి, తుడుచుకోవడానికి చేతులు శుభ్రంగా లేవు. అలాగే పక్క కోడె దగ్గరకు వెళ్ళి, దాని మెడ మీద చేయి వేసి, ఇంకాస్త గట్టిగా పొగడటం మొదలుపెట్టాను.