పడుగు అతికే సుశీల

కొత్తవాడలోని హరికృష్ణ మరమగ్గాల షెడ్డులో సుశీలది అతుకు పని. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే దాని పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే జతచేసి, వేళ్ల మధ్య మెలితిప్పి, ఒకే పోగు చేయాలి. లావుగా ముడివేస్తే అది మగ్గం అచ్చు సందుల్లోంచి ముందుకు పోదు, తెగుతుంది. పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుంటారు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు కుడి అంచు నుంచి, ఒకరు ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తారు.

సుశీలకు జత లచ్చవ్వ. వయసులో పెద్దది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పని నేర్పింది ఆమే. పీట మీద కూర్చోగానే సుశీల కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంది. అది లచ్చవ్వకు రోజూ దొరికే వేడుక.

"అయిందా దండం? ఇగ దారం పట్టు. మీ యేసు వచ్చి అతుకడు."

సుశీల నవ్వి బూడిద అందుకునేది. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు పిలిచినా ఆమెకు మాట పెగిలేది కాదు. లేచి నిలబడేది, ప్రభువుకు స్తోత్రమని కూర్చునేది. ఆదివారం పొద్దున పనికి రాదన్న కోపం కూడా లచ్చవ్వకు ఉండేది.

ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే సుశీల భర్త దానియేలుకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. అప్పుడు లచ్చవ్వ ఐనవోలు మల్లన్నకు మొక్కుకొమ్మంది. ఇన్ని ప్రార్థనలు చేస్తే మీ దేవుడు చేసింది ఇదేనా అని కూడా అంది. సుశీల పొద్దున్నే అతన్ని కడిగి, తినిపించి, పక్కింటి యాకమ్మకు ఒక మాట చెప్పి పనికి వచ్చేది.

కొన్నాళ్లకు లచ్చవ్వ పోగును కంటికి దగ్గరగా తెచ్చుకుని చూడడం సుశీల గమనించింది. ఏమీ అనలేదు. తన వైపు గబగబా కానిచ్చి మధ్య దాటి, లచ్చవ్వ పోగులు కూడా నాలుగు అందుకునేది. కానీ ఒకనాడు ఎర్ర చారల దుప్పట్ల పడుగు ఎక్కించాక గుడ్డ మధ్యలో తెల్ల పోగులు ఎర్రటి చారలోకి దూరాయి. మగ్గం ఆపారు. నేసిన గుడ్డ పనికిరాదు. ఆ పోగులు కోసి మళ్లీ అతకాలి. ఇద్దరూ కలిసే చోటు కాబట్టి తప్పు ఎవరిదో వాళ్లిద్దరికే తెలుసు.

షెడ్డు యజమాని హరికృష్ణ వచ్చేలోపు లచ్చవ్వ సుశీల చెయ్యి పట్టుకుంది.

"నీదని చెప్పవే. నువ్వైతే ఒక మాటతోని ఇడిచిపెడ్తడు. నాదంటే ఇయ్యాల్నే ఎల్లగొడ్తడు."

సుశీల చెయ్యి విడిపించుకోబోయింది.

"మంది కోసం పాణం ఇచ్చిండంటవు గద మీ దేవుడు. నువ్వు ఒక్క మాట ఇయ్యలేవా?"

ఆ మాట సుశీలకు గట్టిగానే తగిలింది. బూడిద పళ్లెం పక్కకు జరిపింది.

"అబద్ధమైతే ఆడలేను అక్కా. నిన్ను ఇడిచి మాత్రం పోను."

హరికృష్ణ అడిగితే ఉన్నది చెప్పింది. పోగులు తప్పింది లచ్చక్క చేతిలోనే, ఆమె కళ్లకు రంగు దొరకడం లేదు, అది తెలిసీ చెప్పకపోవడం తన తప్పు. రేపటి నుంచి ఆమె రావద్దన్నాడు హరికృష్ణ.

"మేము ఒక జత, సేటు. ఆమెను తీసేస్తే నేను గూడ రాను."

"సోయి ఉండే మాట్లాడుతున్నవా సుశీలమ్మా? ఇంట్ల మనిషి మంచంల ఉన్నడు."

ఉన్నాడని ఆమె ఒప్పుకుంది. అయినా లేచి చేతులు దులుపుకుంది. అతుకుకు ఇంకో మనిషి అంత తేలిగ్గా దొరకదని హరికృష్ణకు తెలుసు. లచ్చవ్వను కంటి ఆపరేషన్ చేయించుకుని రమ్మన్నాడు. అప్పటిదాకా రెండు వైపులా సుశీల ఒక్కతే చూసుకోవాలన్నాడు.

లచ్చవ్వ మాట్లాడటం మానేసింది. తనను పట్టించిందని వాడంతా చెప్పుకుంది. సుశీల పగలంతా ఒక అంచు నుంచి రెండో అంచుదాకా ఒంటరిగా అతికేది. వేళ్ల చర్మం లేచి బూడిద మండేది. ఆపరేషన్ రోజున మాత్రం సుశీల లచ్చవ్వ గడప ముందు ఆటో ఆపించింది. హనుమకొండలోని కంటి దవాఖానకు పోయేదాకా లచ్చవ్వ మొహం బయటికే తిప్పుకుని కూర్చుంది.

పొద్దున పోయినవాళ్లు తిరిగి వచ్చి ఆటో దిగేసరికి సాయంత్రమైంది. ఒక కంటికి కట్టుతో ఉన్న లచ్చవ్వను సుశీల ముందుగా తన ఇంటికి తీసుకువచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. లోపల దానియేలు తడిసిన పక్క మీదే పడుకుని ఉన్నాడు. యాకమ్మను పిలవడానికి సిగ్గుపడ్డాడు. సుశీల పక్క మార్చి, ఒళ్లు తుడిచి, ఎప్పటిలాగే కబుర్లు చెబుతూ చొక్కా తొడిగింది. దవాఖానలో ఎంతమంది జనమో, ఆటో అతను ఏమన్నాడో చెప్పింది. అన్నీ లచ్చవ్వకు వినిపించాయి. చివరికి దానియేలు వంకర తిరిగిన నోటితో బయటికి వినపడేలా అడిగాడు.

"కన్ను... ఎట్లున్నది... అక్కా?"

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కంటికి తడి తగలొద్దని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి తల పైకెత్తుకుని కూర్చుంది. మంచిగున్నదని అక్కడి నుంచే చెప్పింది.

కన్ను కుదుటపడ్డాక లచ్చవ్వ నల్లద్దాలతో షెడ్డుకు వచ్చింది. హరికృష్ణ ఎర్ర పోగు, తెల్ల పోగు పట్టి చూపించి ఏది ఏ రంగని అడిగాడు. ఆమె విసుక్కుంటూనే రెండూ సరిగ్గా చెప్పింది. ఆదివారం పొద్దున పడుగు ఉంటే మధ్యాహ్నానికి మార్చుకొమ్మని, తన జతకు చర్చి ఉంటుందని ఆమే అతనికి చెప్పింది.

అదే రోజు దానియేలుకు జ్వరం. సుశీల ఆలస్యంగా వచ్చి, పీట లాక్కుని, పళ్లెంలో వేళ్లు అద్ది గబగబా మొదటి పోగు అందుకుంది.

"ఆగు," అంది లచ్చవ్వ. "దండం కాలే గద."

సుశీల పోగు వదిలి కళ్లు మూసుకుంది. ఆమె తెరిచేదాకా లచ్చవ్వ తన అంచు దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.