సుసన్నా చెయ్యి కలపని బల్ల ఆదివారం

సుసన్నా ఆగిరిపల్లి మామిడి యార్డులో కాయలు ఏరుతుంది. సొన పడి చేతుల నిండా నల్ల మచ్చలు. వాన పడితే మా చర్చి మందిరం బయటున్న ముసలమ్మల చెప్పులు లోపల పెట్టేది ఆమే. అలాంటి మనిషిని మా సంఘంలో నవ్వుతూ పలకరించేవాళ్లు లేరు. భర్త మీద కేసు పెట్టిందిగా!

కొట్టి వెళ్లగొట్టిన ఆ భర్త చార్లెసే, ఆమె పుట్టింటికి వచ్చేశాక వెంటపడ్డాడు. యార్డు ఎదుట బండి ఆపుకుని కూర్చునేవాడు. ఆమె ఎక్కిన ఆటో వెనకే వచ్చేవాడు. నంబర్లు మార్చి మార్చి ఫోన్లు.

"కట్టుకున్న మొగుడు వెంట వస్తే అదీ ఒక కేసేనా?" అని ఆడవాళ్లే ఎత్తిపొడిచారు.

నూజివీడు కోర్టు మాత్రం నేరమేనంది. మొదటి తప్పని జైలు వేయకుండా, ఏడాదిపాటు సత్ప్రవర్తన బాండు మీద వదిలింది. ఆమె ఉన్నచోటికి రాకూడదు, ఫోన్ చేయకూడదు, మధ్యవర్తుల్ని పంపకూడదు, నెలనెలా ప్రొబేషన్ ఆఫీసరు ముందు హాజరవ్వాలి. షరతు తప్పితే మళ్లీ కోర్టుకే, శిక్షకే.

నెల మొదటి ఆదివారం మాకు బల్ల, అంటే ప్రభువు భోజనం. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు మనస్పర్థలున్నవాళ్లు చెయ్యి కలపాలి. సంఘపెద్ద క్రీస్తుదాసు గారు, మందిరంలో కోర్టు మాట చెల్లదనుకున్నారు. చార్లెస్‌ని వెంటబెట్టుకొచ్చి ఆమె ఎదురుగా నిలబెట్టారు.

"చెయ్యి కలపమ్మా. సమాధానపడకుండా బల్లలో ఎలా పాలు పొందుతావ్?"

"ఏంటే, మీ జడ్జి గారిని అడగాలా?" చార్లెస్ నవ్వాడు.

సుసన్నా లేచింది.

"పెద్దయ్య గారూ, ఇతన్ని క్షమించే మనసివ్వమని రోజూ ప్రార్థిస్తున్నా. చెయ్యి మాత్రం ఇవ్వను. ఇతను ఇక్కడికి రాకూడదు. మీరు తేకూడదు."

"దేవుని ఇంట్లోంచి మనిషిని గెంటుతావా?"

"వెనక్కి తిరిగి చూసుకోకుండా నేను కూర్చోగలిగేది ఇక్కడొక్కచోటేనండీ."

అక్కడే ప్రొబేషన్ ఆఫీసరుకు ఫోన్ చేసింది. "సార్, చర్చిలో నా ఎదురుగా ఉన్నాడు."

చార్లెస్ నవ్వు ఆగిపోయింది. "మొగుణ్ణి జైలుకు పంపి రొట్టె ఎలా మింగుతావే?" అంటూ కుర్చీని తన్ని బయటికి పోయాడు.

క్రీస్తుదాసు గారు రొట్టె పళ్లెం సుసన్నాను దాటించి పక్కనున్న పొరుగింటి గ్లోరీకి అందించారు. గ్లోరీ తన ముక్క తుంచి సగం సుసన్నా అరచేతిలో పెట్టింది. "తిను వదినా. ఆటో దాకా నేనొస్తాలే."

ఆ వారమే కోర్టు చార్లెస్‌ని పిలిపించింది, సాక్షిగా క్రీస్తుదాసు గారినీ. అప్పట్నుంచి ఆయన సుసన్నా వందనాలకు బదులివ్వడం లేదు. ఆమె మాత్రం ప్రతి ఆదివారం వస్తోంది, ముందు వరుసలోనే కూర్చుంటోంది.