గీతకు అవతల పడ్డ మూడు బంతులు

ఆ కాలంలో మా ఖరగ్‌పూర్‌లో టెన్నిస్ అంటే ఆఫీసర్లు ఆడే ఆట, మిగిలినవాళ్లు కంచె ఇవతల నిలబడి చూసే ఆట. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనకాల ఎర్ర మొరం పరిచిన కోర్టు ఒకటి ఉండేది. పొద్దున్నే వర్క్‌షాపుకు సైకిళ్ల మీద పోయే మావాళ్లు అక్కడ ఒక కాలు నేలకు ఆన్చి, తెల్లబట్టల పెద్దమనుషులు బంతి వెంట పరుగెత్తడం కాసేపు చూసి, సైరన్ మోగగానే పెడలు తొక్కేవారు. ఆ సున్నపు గీతల మధ్యకి మా ఇంటి ఆడమనిషి ఒకావిడ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని దిగుతుందనీ, ఆమె పక్కన నేనూ ఒక రాకెట్ పట్టుకుని నిలబడతాననీ ఎవరైనా చెప్పి ఉంటే, అందరికన్నా ముందు నేనే నవ్వి ఉండేదాన్ని. ఇరవై ఏళ్లు దాటింది. నాకప్పుడు పంతొమ్మిది. లోకంలో నాకు తెలియని సంగతి లేదనుకునే వయసు (ఇప్పుడు స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పే ముందు పుస్తకం రెండుసార్లు చూసుకుంటున్నాను).

ఆ దిగినావిడ మా చిన్నత్త, నాన్నకు స్వయానా చెల్లెలు. మావయ్య వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉండి జ్వరంతో పోయాడు. అత్తకు అప్పటికి ముప్పై ఆరు, పిల్లల్లేరు. ఏడాది తిరిగాక ఆయన బదులుగా ఆమెకు రైలు పాసులు రాసే సెక్షన్‌లో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. తోడుగా ఉండమని నన్ను ఆమె క్వార్టర్‌కు పంపారు. అత్తకు ఆఫీసులో ఏ కష్టమూ లేదు, అదే ఆమె కష్టం. అక్కడ ఎవరు ఏ మాట మొదలుపెట్టినా ముందు 'పాపం' చేర్చేవారట. పాపం ఆవిడకి ఫ్యాను కింద కుర్చీ వెయ్యండి. పాపం ఆవిడకి ముందు టీ ఇవ్వు. పాసులో తేదీ తప్పు రాస్తే, పక్కవాడిని అయితే గోడలు అదిరేలా తిట్టే హెడ్‌క్లర్కు, ఈమెను మాత్రం పల్లెత్తు మాట అనకుండా తనే దిద్ది పెట్టేవాడు. ఆయన జేబులో ఎప్పుడూ వేరుశెనక్కాయలు ఉండేవి కనుక మేమిద్దరం ఇంట్లో ఆయన్ని పల్లీల హెడ్డు అనుకునేవాళ్లం. "అయిదేళ్లయినాదే గుంటా," అనేది అత్త, కూర తరుగుతూ. "నాను పాస్‌లు రాసినా పాపమే, రాయకపోయినా పాపమే. ఒక్కడైనా నన్ను తిట్టడేటే."

ఆ శీతాకాలం ఇన్‌స్టిట్యూట్ నోటీసు బోర్డులో ఆడవాళ్ల డబుల్స్ పోటీ అని కాగితం అంటించారు. ఒక్కో సెక్షన్ నుంచి ఒక జోడీ, జోడీలో ఒకరు ఇంటివాళ్లయినా ఫరవాలేదు. పాసుల సెక్షన్ నుంచి పేరు ఇవ్వడానికి ఎవరూ లేరని హెడ్డుగారు విచారిస్తూ ఉంటే, అత్త లేచి తన పేరు రాయమందట. ఆయన కలం ఆపి, "పాపం మీకెందుకమ్మా ఇవన్నీ," అన్నాడట. ఆ మాట అనకుండా ఉంటే అత్త బహుశా కూర్చునేదేమో. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే నాతో అంది: "నీ పేరు కూడా రాయించినాను. నెల టైముంది. గెలవకపోయినా పరవాలేదు. అందరితో పాటు ఆడి, అందరిలాగే ఓడిపోవాల. అంతే నాకు."

నేర్పింది మార్కర్ తాత. క్లబ్బుల్లో కోర్టు చూసుకుంటూ కొత్తవాళ్లకు ఆట నేర్పే మనిషిని మార్కర్ అంటారు. ఈయన శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో కుర్రతనంలో వచ్చి, నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నం గీతలు గీసి అక్కడే ముసలివాడైపోయాడు. మొదటిరోజు అత్త చెప్పులు విడిచి, కోర్టుకు దణ్ణం పెట్టి, రాకెట్‌ను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. తాత నెమ్మదిగా, "దణ్ణం అయినాది కదమ్మా, ఇప్పుడు దానికి షేక్‌హ్యాండ్ ఇవ్వాల. పట్టు అలాగే ఉంటాది," అన్నాడు. అత్త జన్మలో ఎవరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చిన మనిషి కాదు. ఆ వారమంతా మా క్వార్టర్‌లో నేను గుమ్మం దాటి లోపలికి వస్తే షేక్‌హ్యాండ్, బయటికి వెళ్తే షేక్‌హ్యాండ్. పాలవాడు ఒకరోజు చూసి, నాకేదో ఉద్యోగం వచ్చిందనుకుని మిఠాయి అడిగాడు.

రెండో పాఠం కళ్లది. బంతి నేలకు తగిలినప్పుడు 'పడ్డాది' అనాలి, రాకెట్‌కు తగిలినప్పుడు 'కొట్టు' అనాలి, పైకే అనాలి, అప్పుడు చూపు పక్కకి పోదు అన్నాడు తాత. మాకు చూపు పోలేదు గానీ మాట ముందూ బంతి వెనకా అయ్యేది. 'కొట్టు' అనేసరికి బంతి మమ్మల్ని దాటి కంచె దగ్గర ఉండేది. మూడోది లెక్క. పదిహేను, ముప్పై, నలభై అని తాత చెప్పగానే అత్త, "నలభై ఏటి, నలభై అయిదు కదా రావాల?" అని ఆట ఆపేసింది. తాత తల గోక్కుని, "నానూ అడిగినానమ్మా చిన్నప్పుడు. ఎవలూ సెప్పలేదు," అన్నాడు. సర్వీసు చేతిని పైకెత్తి కొట్టడం మాకు ఎంతకీ రాకపోతే, కింద నుంచి వెయ్యడం కూడా న్యాయమేనని ఒప్పుకున్నాడు. బంతిని వదిలి, అది నేలను తాకేలోపు, ఎదురు మూలనున్న గడిలో పడేట్టు తోయాలి. అత్తకు పదింటిలో మూడు పడేవి. నాకు పడినవి నేను లెక్కపెట్టలేదు.

అత్తకు బాగా నచ్చిన పాఠం మాత్రం చివరిది. "పెద్ద పోటీల్లో తప్ప గీతల దగ్గర ఎవలూ ఉండరమ్మా. మన పక్క పడిన బంతి లోపలో బయటో మనమే సెప్పాల. అవతలోళ్లు మన మాట నమ్మాల. అనుమానమొస్తే పాయింటు వాళ్లకే ఇచ్చేయాల," అన్నాడు తాత. "నమ్ముతారా బాబాయ్?" అంది అత్త. "నమ్మకపోతే ఇంక ఆటేటమ్మా," అన్నాడు ఆయన. అత్త ఆ రోజు ఇంటికి నడుస్తూ ఆ ముక్కే రెండు మూడుసార్లు అనుకుంది. మనం చెప్పిన మాట మీద లెక్క నడుస్తుందంటే ఆమెకు చాలా గౌరవంగా అనిపించింది.

ఇక నా ఘనకార్యం. పోటీకి ముందురోజు గోల్‌బజార్‌లో వంకాయలు ఏరుతుంటే, మా మీద ఆడబోయే బెంగాలీ దీదీ కనిపించింది. స్కూలు టీచరు, చిన్నప్పటి నుంచీ ఆడుతున్న మనిషి. ఆమెను చూడగానే నాకు మా ఇద్దరి సర్వీసులూ కళ్ల ముందు మెదిలాయి. ఆఫీసు మొత్తం చూస్తుండగా అత్త ఒక్క గేమూ లేకుండా ఓడిపోతే ఎంత కుమిలిపోతుందో అనిపించింది. దీదీ చెయ్యి పట్టుకుని, వచ్చిన బెంగాలీలో రాని హిందీ కలిపి, మావయ్య పోయిన దగ్గర నుంచి మొత్తం కథ చెప్పి, ఒక్క గేము వదిలెయ్యమని బతిమాలాను. దీదీ కళ్లు చెమ్మగిల్లాయి. తప్పకుండా అని నా తల నిమిరింది. (అత్త జీవితంలో ఇంకొకరి చేత 'పాపం' అనిపించానని నాకు అప్పుడు తోచలేదు. చాలా మంచిపని చేశానని, కిలో వంకాయలు ఎక్కువే కొన్నాను.)

ఆదివారం పొద్దున పోటీ. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తాత కోర్టును తుడిచి, నీళ్లు చల్లి, కొత్తగా గీతలు గీసి, నెట్టు పక్కన పలక పట్టుకుని కూర్చున్నాడు. అత్త ఆఫీసువాళ్లు బెంచీల మీద, హెడ్డుగారు పల్లీల పొట్లంతో. మొదటి సర్వీసు అత్తదే. బంతిని వదిలి, పెదాలు కదుపుతూ, తోసింది. అది గడి గీతను జానెడు దాటి పడినట్టు నాకు కనిపించింది. దీదీ "గుడ్" అని, దాన్ని మెల్లిగా నెట్టులోకి కొట్టింది. పదిహేను. తర్వాతిది ఆమె జోడీకి, అదీ అంతే, ఆమె కూడా "గుడ్" అంది. ముప్పై. మూడోది నిజంగానే లోపల పడింది, దీదీ దాన్ని కావాలనే కంచె దాటించింది. నలభై. నాలుగోది మళ్లీ బయట, మళ్లీ "గుడ్". గేము మాది. బెంచీల మీద చప్పట్లు. అత్త మొహం ఎలా వెలిగిందంటే, మావయ్య పోయాక నేను ఆ మొహాన్ని చూడలేదు. నేను రాకెట్ చంకలో పెట్టుకుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాను.

మొదటి గేము అయ్యాక ఇరుపక్షాలవాళ్లూ పక్కలు మారాలి. టెన్నిస్‌లో ఇది మొదటి పేజీలో ఉండే సంగతి, తాత మాకు చెప్పాడు కూడా, నేనే దాని గురించి ఆలోచించలేదు. అత్త నెట్టు చుట్టి దీదీవాళ్ల పక్కకు నడిచింది. నడుస్తూ నడుస్తూ గడి గీత దగ్గర ఆగిపోయింది. తడి మొరం మీద గుండ్రటి గుర్తులు నాలుగు. ఒకటి లోపల, మూడు గీతకు అవతల. అప్పుడే తుడిచిన నేల, ఆ పక్కన అప్పటిదాకా పడ్డవి ఆమె బంతులు తప్ప మరొకటి లేవు. అత్త వంగి ఒక్కొక్కటీ చూసింది. తర్వాత నెట్టు దగ్గరికి వచ్చి, "దీదీ, ఎగులో ఆవుట్ ఛిలో," అంది, ఇవి బయట పడ్డాయి కదా అని. దీదీ మొహం ఎర్రబడింది. ఆమె నా వైపు చూసింది. అత్త కూడా నా వైపు చూసింది. నేను షూ లేసు కట్టుకోవడానికి వంగాను, అది ఊడకపోయినా.

"బాబాయ్, ఆ గేము పలక మీద కొట్టేయండి. అది మాది కాదు," అంది అత్త. తాత ఇబ్బందిగా కదిలి, "అలాగ కొట్టేసే రూలు లేదమ్మా. వాళ్ల పక్క బంతికి వాళ్లు సెప్పిందే మాట," అన్నాడు. అత్త దీదీ కేసి తిరిగి, ఏ మాత్రం కోపం లేకుండా, "ఆమి ఖేల్తే ఎసేఛి, దీదీ," అంది. నేను ఆడడానికి వచ్చాను అని. దీదీ తలూపింది. ఆ తలూపడం తర్వాత దీదీ, ఆమె జోడీ ఆడిన ఆట గురించి చెప్పాలంటే, వాళ్లు ఆడారు, మేము 'పడ్డాది' అన్నాం. 'కొట్టు' అనే అవకాశం అంతగా రాలేదు. నేను గాలిని చాలాసార్లు కొట్టాను. అత్త ఒకసారి బలంగా తిప్పిన బంతి నేరుగా హెడ్డుగారి పొట్లానికి తగిలి పల్లీలన్నీ గడ్డిలో పడ్డాయి. చివర్లో ఒక్కసారి, ఆమె కళ్లు మూసుకుని పైకి లేపిన బంతి వెనకగీత మీద పడింది. దీదీ మోకాళ్ల మీద కూర్చుని గుర్తు చూసి, "గుడ్," అంది. అత్త రాకెట్ కింద పెట్టి, కోర్టంతా చుట్టివెళ్లి, తనూ వంగి చూసుకుని, తలూపి, తిరిగి వచ్చింది. ఆట అంతసేపూ ఆగింది. ఎవరూ నవ్వలేదు. వరసగా ఆరు గేములు పోయాయి.

ఇంటికి నడిచేటప్పుడు సగం దారిలో అత్త అడిగింది: "ఆవిడికి నువ్వు సెప్పినావేటే?" నేను, "లేదత్తా," అన్నాను. "ఊఁ," అంది. మళ్లీ అడగలేదు. ఆ పూట వంకాయ కూరే చేసింది.

మర్నాడు సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వస్తుంటే వీధి చివరి నుంచే అడుగుల చప్పుడు వినిపించింది, పరుగెత్తినట్టు వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "అందరూ నన్ను సూసి నవ్వినారే గుంటా. నాను లోపలికెల్లగానే ప్యూను లేసి, ఫైలు పట్టుకుని నా సర్వీసు ఏసి సూపించినాడు. 'పడ్డాది, పడ్డాది' అని సెక్షన్ సెక్షనంతా అరిసినారు. హెడ్డుగారేమో, మీ ఆట కోసం నా పల్లీలు గడ్డిపాలు సేసుకున్నాను, పొట్లం తెచ్చియ్యండి అని గొడవ. మధ్యాన్నం ఒక పాసులో తేదీ తప్పు రాసినాను. కాయితం నా టేబిలు మీద ఇసిరినాడే. బంతులేరుకునే బుర్రతో పాస్‌లు రాస్తే ఇలాగే ఏడుస్తాది, మళ్లీ రాయండి అన్నాడు." అని, నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒక్కడు పాపం అనలేదే." నేను వెళ్లి ఆమె పక్కన కూర్చుని ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నావే అంది. చెప్పలేదు.

అత్త ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి చలికాలం ఆడింది, ప్రతి ఏడాదీ ఓడింది, ఆ పొట్లం బాకీ గురించి హెడ్డుగారితో పోట్లాడుతూనే ఉంది. ఇప్పుడు మోకాళ్లు సహకరించక మా ఇంట్లోనే ఉంటోంది. నేను డాక్టరు మాట మీద మళ్లీ రాకెట్ పట్టాను. పొద్దున్నే టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కి వెళ్లి, కాలేజీ పిల్లలతో ఆడుతున్నాను. పోయిన వారం నేను కొట్టిన బంతి గీతకు బారెడు అవతల పడింది. అవతలి అమ్మాయి నా ఆయాసం చూసి, "గుడ్ బాల్ ఆంటీ," అంది. నేను గుర్తు దగ్గరికి వెళ్లలేదు. థ్యాంక్యూ అన్నాను. ఇంటికొస్తే అత్త వరండాలో కూర్చుని, "ఏటే, పాయింట్లేటైనా వొచ్చినాయా?" అంది.

"ఒకటి వచ్చిందత్తా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, "ఎవలిచ్చినారు?" అంది. ఇన్నేళ్ల వయసొచ్చి కూడా ఆమెకు అబద్ధం చెప్పడం నాకు చేతకావడం లేదు. నవ్వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.