ఐస్‌బాక్స్ పక్క సీటు

ఫీనిక్స్‌లో మే నెల దాటితే కారు తలుపు పట్టుకోవాలన్నా చెంగు అడ్డం పెట్టుకోవాలి. అందుకే శనివారం తెల్లవారగానే మా వాళ్ళు కొండల మీదికి బయలుదేరతారు. రెండు గంటలు పైకి పోతే చాలు, చల్లగాలి, పైన్ చెట్లు. చీకటి పడేలోపు ఇంటికి వచ్చేస్తాం. మా అమ్మాయి దగ్గరికి వచ్చాక ఏడేళ్ళలో ఇలా చాలా తిరిగాను. ఎర్ర కొండలు చూశాను, పెద్ద లోయ చూశాను, మూతపడిన రాగి గనుల ఊరు చూశాను. అన్నీ వ్యాన్ మూడో వరసలో, ఐస్‌బాక్స్ పక్కన కూర్చునే చూశాను. ఆ చిన్న కిటికీలోంచి పక్కనుంచి దాటిపోయే కొండలే కనిపిస్తాయి. ఎదురొచ్చే కొండ కనిపించదు.

ఐస్‌బాక్స్ పక్కన కూర్చున్నవాళ్ళకు ఒక పని ఉంటుంది. ఎవరికి ఆకలేసినా పులిహోర డబ్బా తీసి, కాగితం ప్లేట్లలో పెట్టి ముందుకు అందించాలి. ముందు సీటుకూ ఒక పని ఉంది. కొండల్లో ఫోన్ సిగ్నల్ పోతుందని మా అల్లుడు దారంతా ప్రింట్ చేసి తెస్తాడు. ముందు కూర్చున్న మనిషి ఆ కాగితం చూస్తూ, రోడ్డు పక్క బోర్డులు చదువుతూ, ఎక్కడ తిరగాలో చెప్పాలి. నాకు చదువు రాదు కనక ఐస్‌బాక్స్ నాది.

"అత్తయ్యగారికి వెనకైతే కాళ్ళు చాపుకోవడానికి బాగుంటుంది" అనేవాడు అల్లుడు. అన్నం ఉన్న పెట్టె మీద నేను కాళ్ళు పెడతానా? ఏడేళ్ళూ ముడుచుకునే కూర్చున్నాను.

యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దాను. మనవరాలిని ఆదివారం తెలుగు క్లాసులో కూర్చోబెట్టి బయట కూర్చోవడం విసుగొచ్చి, ఒకరోజు లోపలికి వెళ్ళి చివరి బల్ల దగ్గర కూర్చున్నాను. పంతులమ్మ నాకూ ఒక నోట్‌బుక్ ఇచ్చింది. తెలుగు వచ్చాక లైబ్రరీలో పెద్దవాళ్ళ క్లాసులో ఇంగ్లీషు మొదలుపెట్టాను.

"ఈ వయసులో ఇదంతా నీకెందుకమ్మా?" అంది మా అమ్మాయి.

నాకు ముందు సీటు కావాలి. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

గత వేసవిలో మా వియ్యంకుడు మళ్ళీ వచ్చారు. రిటైర్డ్ ఇంజనీరు, ఫ్రీమాంట్‌లో పెద్ద కొడుకు దగ్గర ఉంటారు. పేసన్ అనే ఊరు దాటాక రాతితో దానంతటదే ఏర్పడిన వంతెన ఒకటి ఉందట. "నా సర్వీసులో చాలా బ్రిడ్జీలు కట్టాను, దేవుడు కట్టింది కూడా ఇన్‌స్పెక్ట్ చేద్దాం" అని నవ్వుతూ గరాజ్‌లోకి వచ్చి, ముందు తలుపు తీయబోయారు.

ముందు సీటు కావాలంటే ఇక్కడి పిల్లలు "షాట్‌గన్" అని అరుస్తారు. ఎవరు ముందు అరిస్తే సీటు వాళ్ళది. మనవరాలు నాకు నేర్పిన న్యాయం అది.

"షాట్‌గన్!" అన్నాను, గరాజ్ మారుమోగేలా.

అందరూ ఆగిపోయారు. మనవరాలు మాత్రం గంతులేసింది. "షి కాల్డ్ ఇట్, తాతా! నువ్వు బ్యాక్‌కి వెళ్ళాలి!"

"అదేంటి చెల్లెమ్మా, అంత వెనక్కి ఎక్కాలంటే నా మోకాళ్ళు..."

"నావీ మోకాళ్ళే అన్నయ్యగారూ."

"అమ్మా, డైరెక్షన్స్ చదవాలి" అని గొణిగింది మా అమ్మాయి.

"చదువుతాను."

అల్లుడు కాగితం నా చేతికిచ్చాడు.

ఊరు దాటాక రోడ్డు నా ఒళ్ళోకే వస్తున్నట్టు ఉంది. చేతులెత్తి నిలబడ్డ పెద్ద జెముళ్ళు వందలకొద్దీ ఎదురొచ్చాయి. ఒకచోట ఎవరో గీత గీసినట్టు అవి ఆగిపోయాయి. ఆ పైన పొట్టి చెట్లు, ఇంకా పైన పైన్ చెట్లు. ఇవన్నీ ఇంతకుముందు నా పక్కనుంచే పోయాయి మరి.

పేసన్ దాటాక సిగ్నల్ పోయింది. కాసేపటికి గోధుమరంగు బోర్డు కనిపించింది. కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. క్లాసులో అక్షరాలు కదలకుండా ఉంటాయి. ఇక్కడ బోర్డు నా మీదికి దూసుకొస్తోంది. రెండో మాట సగంలో ఉండగానే వెనక్కి పోయింది.

"అదే బాబూ!" అన్నాను. అప్పటికే ఎడమ మలుపు దాటిపోయాం.

వెనక్కి తిప్పడానికి చోటులేక, పైన్ అనే చిన్న ఊరి దాకా పోయి ఆగాం.

"అందుకే చెప్పేది. చదవడం వేరు, దారి చెప్పడం వేరు" అన్నారు వెనకనుంచి వియ్యంకుడు.

"పోనీలే అమ్మా, ట్రై చేశావు కదా. ఇప్పుడు సీటు మారు" అంది మా అమ్మాయి.

ఆయన దిగి వచ్చి నా తలుపు తీసి నిలబడ్డారు. ఇప్పుడు దిగితే మళ్ళీ ఎక్కనివ్వరని నాకు తెలుసు. బెల్టు విప్పలేదు.

"పోయినసారి మీరు ముందు కూర్చుని నిద్రపోతే, ఎగ్జిట్ దాటి ఫ్లాగ్‌స్టాఫ్ దాకా పోయాం అన్నయ్యగారూ. మిమ్మల్ని ఐస్‌బాక్స్ దగ్గరికి ఎవరైనా పంపారా?"

"నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకున్నానంతే."

"నేను తెరుచుకునే దారి తప్పాను."

మనవరాలు పకపకా నవ్వింది. అల్లుడు కిటికీలోంచి అటు చూశాడు. వియ్యంకుడు తలుపు మూసి, వెళ్ళి వెనక్కి ఎక్కారు.

"బాబూ, నెమ్మదిగా పోనివ్వు. నేను చదివేంత నెమ్మదిగా" అన్నాను.

అల్లుడు స్పీడు తగ్గించాడు. వెనక వచ్చే కారు హారన్ కొట్టింది. కొట్టనివ్వమన్నాను. గోధుమరంగు బోర్డు మళ్ళీ వచ్చింది, ఈసారి అటువైపునుంచి. చివరి అక్షరం దాకా చదివాకే చెయ్యి చూపించాను.

"కుడికి."

బండి తిరిగింది. రోడ్డు ఒక్కసారిగా లోయలోకి దిగింది. ఎదురుగా, అద్దం నిండా, లోయ.

"అన్నయ్యగారూ, ఆకలేస్తోంది" అన్నాను వెనక్కి తిరగకుండా. "పులిహోర డబ్బా మీ పక్కనే ఉంది. మూత బిగుతు, నొక్కి పట్టుకుని తియ్యాలి."