మామ తెచ్చుకున్న రెండో గిటార్

గడిచిన మంగళవారం పొద్దున మా మామ చనిపోయారు. కూలర్‌లో నీళ్లు నింపడానికి నేను బయటికి వెళ్లి, రెండు బకెట్లు పోసి వచ్చేసరికి అయిపోయింది. ఆక్సిజన్ మిషన్ మాత్రం అలాగే నడుస్తోంది. మా అత్త ఆయన మంచం పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమెకు కూడా తెలియలేదు. "ఇప్పుడే కన్నంటుకున్నది, లేపకు" అంది నాతో.

ఆయన నా భర్త తండ్రి. తెలుగు మాట్లాడేవారు కానీ చదవడం రాదు, బడి అంతా మరాఠీలో నడిచింది. బతికుండగా ఇది రాసి ఉంటే నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. అప్పుడు ఇందులో సగం రాయగలిగేదాన్ని కాదు.

మామ వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల్లో పనికి వచ్చి చంద్రపూర్‌లో ఉండిపోయారు. మామ కూడా పద్మాపూర్ గనిలో చేరి, ముప్పై ఏళ్లకు పైగా పంపు నడిపారు. గనిలో ఊరే నీళ్లను తోడి పైకి పోయడం ఆ పని. పెళ్లిచూపులకు మంచిర్యాల వచ్చినప్పుడు మా నాన్న ఆయన్ని ఏం చేస్తుంటారని అడిగితే, "డ్యూటీ గనిల, పని గిటార్" అన్నారట. నాన్నకు అదేమిటో అర్థం కాలేదు. వాళ్లు వెళ్లాక అమ్మను అడిగాడు.

మాజ్రి నుంచి భద్రావతి దాకా పెళ్లిళ్లలో, గణపతి మండపాల్లో పాడే ఒక ఆర్కెస్ట్రాలో ఆయన లీడ్ గిటార్ వాయించేవారు. డీజేలు వచ్చాక ఆర్కెస్ట్రాలను పిలిచేవాళ్లు లేకుండా పోయారు. డ్రమ్స్ వాయించే ఆయన కూరగాయల బండి పెట్టుకున్నాడు, పాడే ఆయన ఊరే వదిలి వెళ్లిపోయాడు. ఇంట్లో మాత్రం మామ గిటార్ ఆగలేదు. అప్పటికే కొడుక్కి నేర్పారు. ఆదివారం పొద్దున చాయ్ తాగి తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చునేవారు. ఉన్నది ఒకటే గిటార్. ఎర్రది, బరువైనది. తండ్రి పల్లవి వాయించి గిటార్‌ని ఇలా చాపితే, కొడుకు అందుకుని చరణం వాయించేవాడు. ఆయన చాపడం, ఈయన అందుకోవడం చూస్తే పసిపిల్లను ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి ఇచ్చుకుంటున్నట్టు ఉండేది. నా పెళ్లయిన నాలుగేళ్లూ మా ఇంట్లో ఆదివారాలు అలాగే గడిచాయి.

ఒక డిసెంబరు సాయంత్రం పని ముగించుకుని వస్తుండగా భద్రావతి రోడ్డు మీద బొగ్గు లారీ మా ఆయన బండిని వెనక నుంచి గుద్దింది. హెల్మెట్ పెట్టుకునే ఉన్నారు. ఆసుపత్రికి చేరేలోపే పోయారు.

ఎర్ర గిటార్ బీరువా మీదికి ఎక్కింది. ఆ తర్వాత నేను చూసినంతలో మామ దాన్ని ఒక్కసారే దించారు. వంటగదిలోంచి చూశాను. శ్రుతి చేసుకుని, ఏదో పాత పాట పల్లవి వాయించి, గిటార్‌ని రెండు చేతులతో ఒళ్లోంచి పైకెత్తారు. బరువుగా ఉండి దించేస్తున్నారేమో అనుకున్నాను. కాసేపు అలాగే పట్టుకుని, తీసుకెళ్లి మళ్లీ బీరువా మీద పెట్టేశారు. ఆ తర్వాత పదినెలల పైన మా ఇంట్లో తీగ మోగలేదు. నిజం చెప్పాలంటే నాకు అదే బాగుండేది. ఆ నిశ్శబ్దంలో ముగ్గురం ఒకటిగా ఉన్నామనిపించేది.

సంవత్సరీకానికి ఇంకా నెల ఉందనగా మామ దగ్గు తగ్గడం లేదని ఒక్కరే నాగ్‌పూర్ వెళ్లారు. సాయంత్రం బస్సు దిగి వచ్చారు. ఒక చేతిలో ఎక్స్‌రే కవరు, ఒక భుజాన పొడవాటి నల్ల సంచి.

"ఏంది గది?" అంది అత్త.

"గిటార్."

"ఇంట్ల ఒకటున్నది గద?"

"ఉన్నది."

సంచి జిప్పు తీశారు. ముదురు ఆకుపచ్చ రంగుది, ఎవరో వాడి అమ్మేసింది. సన్నటి మెడ, పలచటి ఒళ్లు. నాకు ఒక్కసారిగా ఒళ్లు మండింది.

"మామా, ఇంకా ఏడాది గూడ కాలే" అన్నాను.

"కాలే బిడ్డా."

"మరి ఆయనకు బదులు తెచ్చుకున్నవా దీన్ని?"

ఆ మాట అన్నది నేనే.  అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మామ సంచి జిప్పు మళ్లీ వేశారు. ఎక్స్‌రే కవరు ఫ్రిజ్ మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

మర్నాడే రైలెక్కి మంచిర్యాలలో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ అంతా విని, "ఇగ నీకు ఆడ ఎవలున్నరు? ఆ సదువు కాయిదాలు, బట్టలు తెచ్చుకొని వచ్చెయ్యి" అంది. నాకూ అదే సరి అనిపించింది. పన్నెండు రోజుల తర్వాత వాటి కోసమే చంద్రపూర్‌లో దిగాను.

సందు మొదట్లోనే గిటార్ వినిపించింది. నాలుగు స్వరాలు వస్తున్నాయి, ఐదోది తప్పుతోంది. మళ్లీ మొదటి నుంచి నాలుగు. మళ్లీ తప్పు. వందల మంది ముందు వేలు తడబడకుండా వాయించిన మనిషి, కొత్తగా పట్టుకున్నవాడిలా తప్పుతున్నారు. గడప మీద అత్త కూర్చుని ఉంది. "వచ్చినవా? పొద్దుగాల సంది గంతే. ఒక్క పాట గూడ అస్తలేదు" అంది.

లోపలికి వెళ్లి సంచి కింద పెట్టాను. ఆయన నన్ను చూసి వాయించడం ఆపారు. అలిగి వెళ్లిన కోడలు వచ్చినట్టు చూడలేదు, బజారుకెళ్లి వచ్చినట్టు చూశారు.

"ఏం పాట మామా?"

"పాట కాదు బిడ్డా. చెయ్యి దేవులాడుతున్నది."

నేను నిలబడే ఉన్నాను. ఆయనే చెప్పారు.

"ఎర్రది పట్టుకుంటె చేతులకు అన్నీ ఎరుకే. పల్లవి అయిపోంగనే అవ్వే లేస్తున్నయ్, వానికి ఇయ్యడానికి. ఎవ్వలకియ్యాలె? గట్ల పట్టుకొని కూసున్న ఒకనాడు. మల్ల ముట్టలే." ఒళ్లోని గిటార్ మీద అరచెయ్యి పెట్టారు. "దీనికి మనింట్ల ఎవ్వలు తెల్వదు. మెడ సన్నగుంది, మెట్లు దగ్గరున్నయ్. నా చేతి యేళ్లు యాడ పెట్టాల్నో వాటికే సమజైతలేదు. అందుకే ఎతుకుతున్నయ్. ఎతికేటప్పుడు ఇంకోటి యాదికి రాదు."

నాకు అర్థమైంది. కానీ కోపం పోలేదు. అర్థమైతే కోపం పోతుందని అనుకునే వయసు కాదు నాది. కాగితాల కోసం బీరువా తెరిచాను, మూసేశాను. ఆ పూటకి వంట చేశాను. మర్నాడు నేను పనిచేసే మందుల దుకాణానికి వెళ్లాను. అలా ఉండిపోయాను.

అప్పటి నుంచి రోజూ ఉదయం తొమ్మిది గంటలకు ఆయన కూర్చునేవారు. ఇంట్లో వాయించినా ఇస్త్రీ చొక్కా వేసుకునేవారు, గుండీలన్నీ పెట్టుకుని. "తీసేస్తె ఏమైతది మామా, ఇంత ఎండల" అంటే, "అది కొత్తది, నన్ను సూస్తున్నది" అనేవారు. వాయించాక పాత బనీను ముక్కతో ఒక్కో తీగను తుడిచేవారు. సినిమా పాట ఒక్కటీ ముట్టుకోలేదు. తప్పిన ఐదో స్వరమే ఆయన్ని ఎక్కడికో తీసుకెళ్లింది. అక్కడ బాగుందని అక్కడే తిరిగారు. రెండు నెలలకు అది ఒక బాణీలా నిలబడింది. ముప్పై ఏళ్లు ఎవరివో పాటలు వాయించిన మనిషి అరవై దాటాక తన సొంతది ఒకటి కట్టారు. ఒకసారి నా ముందే అన్నారు: "వాయించెటోడు అలిసినా పర్వలేదు, ఇనెటోడు అలిసిపోవద్దు." అందుకని బాణీని సగానికి సగం కోసేశారు.

దుకాణంలో మందుల చీటీలు చదవడం నాకు అలవాటు. ఒకరోజు ఫ్రిజ్ మీద దుమ్ము దులుపుతుంటే ఎక్స్‌రే కవరులోంచి నాగ్‌పూర్ డాక్టరు చీటీ జారింది. బొగ్గు దుమ్ముకు రెండు ఊపిరితిత్తులూ గట్టిపడిపోయాయి, ఇక మెత్తబడవు. ఆయన మందులు వాడుతున్నారని తెలుసు, ఇంత ఉందని తెలియదు. తారీఖు చూశాను. గిటార్ తెచ్చుకున్న రోజే.

"గా దినమే తెల్సా నీకు?" అని అడిగాను.

"తెల్సు."

"చెప్పొద్దా మామా?"

"ఏడాది గూడ కాలే గద బిడ్డా. ఇంట్ల ఇంకోటెందుకని."

నా మాటే. ఆయన దెప్పడానికి అనలేదు, ఆ రోజు మనసులో ఉన్నదే చెప్పారు. నేను వంటగదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, మరి అదే గిటార్ ఎందుకు తీసుకున్నావని అడిగాను. గిటార్ల దుకాణంలో చాలా ఉన్నాయట, మెరిసేవి, కొత్తవి. ఒక్కోదాని మీద ఒక్కో తీగ మీటి, ఎంతసేపు మోగుతుందో విన్నారట.

"నా ఊపిరి కురచైంది. దీనిది పొడుగున్నది" అన్నారు.

ఒకసారి మీటి చూపించారు. గట్టిగా కూడా కాదు, గోటితో తాకినట్టు. ఆ మోత గదిలో అలా ఉండిపోయింది. అది ఆగేలోపు ఆయన నాలుగుసార్లు ఊపిరి తీసుకున్నారు. నేను లెక్కపెట్టాను.

ఆ ఏడు గణపతి మండపంలో వాయిస్తానని ఆయనే అడిగారు. పాత మనిషి కదా అని ఒప్పుకున్నారు. ఇదేదో గొప్పగా జరిగిందని రాయాలని ఉంది కానీ జరగలేదు. జనం పాత హిందీ పాటలు వస్తాయనుకున్నారు. ఆయన తన బాణీ మొదలుపెట్టగానే మాటల్లో పడ్డారు, కొందరు ప్రసాదం వైపు నడిచారు. మధ్యలో దగ్గు వచ్చి రెండుసార్లు ఆగారు. చివరిదాకా ముందు నిలబడ్డది నేను, ఒకప్పుడు డ్రమ్స్ వాయించిన కూరగాయల బండి ఆయన. మామ దిగి వస్తుంటే అతను చెయ్యి పట్టుకుని, మరాఠీలో అన్నా అన్నట్టు, "భావూ, ఏం వాయించినవో తెల్వలే. గాని కాళ్లు కదల్లే నాకు" అన్నాడు. ఇంటికొచ్చే దారిలో మామ మూడుచోట్ల కూర్చున్నారు. మూడోసారి కూర్చున్నప్పుడు నవ్వి, "ఇద్దరు ఇన్నరు" అన్నారు. ఆయన గొంతులో అలాంటి సంతోషం మా ఆయన పోయాక వినడం అదే మొదటిసారి.

మరుసటి చలికాలానికి ఆక్సిజన్ మిషన్ ఇంటికి వచ్చింది. ముక్కులో గొట్టం, పగలూ రాత్రీ గుర్రుమనే మోత. అత్తకు ఆ మోత వింటే ప్రాణం పోయేది, చెవుల్లో దూది పెట్టుకునేది. మామ మొదటి రెండు రోజులు కళ్లు మూసుకుని దాన్నే విన్నారు. గనిలో పంపు నడిపినన్నాళ్లూ మోటారు మోతను బట్టే నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పేవారట. మూడో రోజు గిటార్ అడిగారు. తీగలన్నీ కొంచెం కొంచెం వదులు చేసి, మిషన్ మోతకు శ్రుతి కలిపారు.

"సుట్టం లెక్క వచ్చి కూసున్నది. ఎల్లగొట్టలేం. కలుపుకోని పోదాం" అన్నారు.

చావు తెచ్చిన మోత అది. దాని మీద ఆయన బాణీ నడుస్తుంటే వినడానికి నాకు భయంగా ఉండేది, వినకుండా ఉండలేకపోయేదాన్ని. పక్కన తంబురా శ్రుతి మోగుతున్నట్టు ఉండేది. వేళ్లకు బలం తగ్గినకొద్దీ స్వరాలు తగ్గించారు. ఎనిమిది ఉన్నచోట ఐదు, ఐదున్నచోట మూడు. తగ్గినప్పుడల్లా బాణీ ఇంకా బాగుపడింది. ఇది ఆయన మీద ప్రేమతో అంటున్నది కాదు, విన్నదాన్ని కాబట్టి అంటున్నాను.

ఏడుపులోనో కోపంలోనో అత్త ఆ ఆకుపచ్చ గిటార్‌ని ఏనాడూ తాకలేదు. ఊడ్చేటప్పుడు కూడా దాని చుట్టూ ఊడ్చేది. చనిపోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, మామ కాసేపు వాయించి మధ్యలో ఆపేశారు. ఆయాసం. బయట గడప మీది నుంచి అత్త గొంతు వినిపించింది.

"ఎందుకాపినవ్?"

ఆయన నావైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. "ఇంటున్నవా?" అన్నారు మామ, బయటికి వినిపించేంత గొంతు లేక, నాతో అన్నట్టు. నేను వెళ్లి ఆ మాట అత్తకు చెప్పాను. దూది తీసిన చెవిని చూపించిందామె. లోపలికొచ్చి చెప్పాను. ఆయన మిగిలిన సగమూ వాయించారు. చాలాసేపు పట్టింది.

మంగళవారం మధ్యాహ్నానికే ఎండకు వీధి తెల్లబడింది. ఆలస్యం చెయ్యొద్దన్నారు బంధువులు. నీళ్లు పోసే ముందు అత్త తడిగుడ్డతో ఆయన ముఖం, మెడ తుడిచి, ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. నాలుగు వేళ్ల కొసల మీదా సన్నటి నల్లగీతలు ఉన్నాయి. గుడ్డ నీళ్లలో ముంచి రుద్దింది. పోలేదు. సబ్బు పెట్టి రుద్దింది.

"డ్యూటీ ఇడిసిపెట్టి ఇన్నేండ్లాయె, బొగ్గు ఇంక పోలే సూడు" అంది.

"బొగ్గు కాదత్తా. తీగెలయి" అన్నాను.

ఆమె రుద్దడం ఆపింది. ఆ గీతలను వెలుగుకు పట్టి, చాలాసేపు చూసింది. తర్వాత ఆ నాలుగు వేళ్లనూ ఒక్కొక్కటిగా లోపలికి మడిచి, పిడికిలిని తన రెండు చేతులతో మూసి పట్టుకుని, నీళ్లు పొయ్యమంది.