నవంబరు పందొమ్మిదిన తినేవాళ్ళు లేని భోజనం

ఇది ఇప్పుడే రాయాలి. నవంబరు పందొమ్మిది దగ్గరపడుతోంది. ఆ రోజు రేపల్లె అవతల పేటలో మా మేనత్త వండే అన్నం తినడానికి బయటి మనుషులు కావాలి.

నేను బాపట్లలో టీచర్ని. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని. రోజూ బడిలో ప్రార్థన వేళ "చరిత్రలో ఈ రోజు" చదవడం నా పని. ముందటేడు ఆ తేదీకి ఒక మహారాణి జననం, ఒక ప్రధాని జననం, చంద్రుడి మీద రెండోసారి మనుషులు దిగడం చదివాను. ఆఖరి వాక్యం: 1977, దివిసీమ ఉప్పెన, వేలమంది మృతి. పిల్లలు రోజూలాగే చప్పట్లు కొట్టారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ వేలమందిలో మా నాయనమ్మ, ఆమె చంటిబిడ్డ ఉన్నారు. కిందటేడు ఆ రోజుకు సెలవు పెట్టేశాను.

ముందురోజు తెనాలిలో అమ్మానాన్నల దగ్గర ఉండి, పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాను. గంటకు పైగా పడుతుంది, దారంతా కోతకొచ్చిన వరి. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ, మధ్యలో ఆగడానికీ కలిపి ఆరు వందలు. డ్రైవరు పేట పక్క ఊరి రైతుల కుర్రాడు. వాళ్ళ తాత పొలంలోనే అత్త కూలికి వెళ్ళేది.

"పేటలో ఏంటక్కా ఫంక్షను?"

"భోజనాలు. ఉప్పెనలో పోయినవాళ్ళ పేరున."

"ఇంకా పెడుతున్నారా! అప్పటికి మా నాన్నకే పెళ్ళి కాలేదక్కా," అని నవ్వాడు.

పేటలో మావాళ్ళంతా లూథరన్ క్రైస్తవులు. అన్ని ఇళ్ళలోనూ ఒకే రోజు పోయారు కాబట్టి జ్ఞాపకార్థ కూటమూ అన్ని ఇళ్ళలో ఒకే రోజు. ఒకరింటికి ఒకరు వెళ్ళే వీలుండదు. అందుకే బయటి మనిషి ఒకరు తిన్నాకే ఇంటివాళ్ళు తినాలని పెట్టుకున్నారు. మొదట్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చేవారట. వాళ్ళు మానేశాక ఒక్కో ఇల్లూ వండడం మానేసింది. ఇప్పుడు అత్త ఒక్కతే మిగిలింది.

ప్రార్థన అయ్యాక విస్తరి వేసింది. నేను కూర్చోబోతే ఆపింది.

"నువ్వు ఇంటిపిల్లవే. ఆ అబ్బాయిని పిలు."

అతను ఆటో దిగలేదు. "కార్తీకమాసమండి. నీసు ముట్టను."

"నీసు లేదు నాయనా. పప్పు, గోంగూర, పరవాన్నం."

"టిఫిన్ గట్టిగా చేశానండి."

"పోనీ, రెండు ముద్దలు."

"వద్దన్నాను కదండి!"

అత్త అతని ముఖంలోకి చూసింది. "ఉప్పెన తీశాక గట్టు మీద పొట్లాలు పంచితే మీ తాత నా పక్కనే కూర్చుని తిన్నాడు బాబూ. ఆ ఏడూ కార్తీకమే."

అతను ఫోను తీసి చూసుకున్నాడు.

ఇంకెవరైనా వస్తారేమోనని మూడింటిదాకా చూశాం. అత్తకి షుగరు. వేళకి తినాలి, అయినా మెతుకు ముట్టలేదు. బతిమాలితే, "మా అమ్మ పేరున ఎవరూ తినకుండా నేనెట్టా తింటానే?" అంది. చివరికి విస్తరి ఎత్తి గేదె ముందు పెట్టింది. "వచ్చే ఏడూ ఇంతే అయితే ఇంక పొయ్యి వెలిగించను."

రేపల్లె నుంచి బాపట్లకు బస్సులో వచ్చేశాను. ఉప్పెన తేదీ మనందరికీ గుర్తుంది, పోటీ పరీక్షల్లో అడుగుతారు కూడా. ఆ పూట ఎవరి పక్కన కూర్చుని తిన్నామో మరిచిపోవడాన్నే మర్యాద అనుకున్నాం.

ఒక్క సూచన: టిఫిన్ చేయకుండా రండి. మీరెవరనీ, మీదే కులమనీ అత్త అడగదు. వచ్చేవాళ్ళు నవంబరు పదో తేదీలోపు కింద రాయండి. ఎవరూ రాయకపోతే బియ్యం కొనొద్దని ఆమెకు నేనే చెప్పాలి.